ప్రోనోటుకున్నపాటి దయ

గుంటూరు జిల్లా, తెనాలి మండలం, అంగలకుదురు గ్రామ కాపురస్తుడు, దస్తావేజు లేఖరి వృత్తి చేసి చాలించుకున్నవాడు అయిన నేను స్వస్థచిత్తంతో, ఎవరి ప్రోద్బలమూ బలవంతమూ లేకుండా రాసుకుంటున్న ఫిర్యాదు ఏమనగా:

నా ఫోనులో ఒక యాప్ ఉంది. పనులకు తేదీలు వేయడం, ఆ తేదీలు దాటగానే మనిషిని దోషిగా నిలబెట్టడం దాని వృత్తి. పేరు రాయను. రాస్తే దానికి పరువు నష్టం, నాకు కోర్టు ఖర్చు.

దాన్ని పెట్టింది నేను కాదు. డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి 2023 సంక్రాంతికి వచ్చినప్పుడు, నేను పెరట్లో కొబ్బరికాయలు దింపిస్తుండగా నా ఫోను తీసుకుని పెట్టాడు. "ఇంటి పనులన్నీ ఇందులో ఎక్కించాను నాన్నా. ఏ పని, ఎవరు చెయ్యాలి, ఎప్పటికల్లా... మూడూ ఉంటాయి. నువ్వింక ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు" అని చెప్పి విమానమెక్కాడు. గుర్తుపెట్టుకోవడం నాకెప్పుడూ కష్టం కాలేదు. ఎవరి పొలానికి తూర్పు హద్దు ఎవరిదో కాగితం చూడకుండా చెప్పినవాణ్ణి. మరిచిపోవడానికి వీల్లేకపోవడమే ఇప్పుడొచ్చిన కష్టం.

సదరు యాప్ ప్రవర్తన ఇలా ఉంటుంది. ప్రతి పనికీ ఒక గడువు తేదీ. ఆ తేదీ అర్ధరాత్రి పన్నెండు దాటిందా, పని పేరు ఎర్రబడుతుంది. ఎర్రబడ్డ పనులన్నిటినీ కూడి, ఆ మొత్తాన్ని ఫోను ముఖం మీద ఎర్ర చుక్కలో వేసి చూపిస్తుంది. బస్సులో పక్కన కూర్చున్నవాడికి కూడా కనిపిస్తుంది. నేను జీవితంలో ఎవరికీ బాకీ లేను. ఇప్పుడు తెనాలి బస్సులో ఫోను తీయాలంటే బాకీ ఉన్నవాడిలా అరచెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాను.

పైగా ప్రతి పని పక్కనా బాధ్యుడి గడి ఒకటి ఉంది. అందులో ఎప్పుడూ నా పేరే. మా ఆవిడను కూడా చేర్చబోతే, "నా ఫోను జోలికి రావద్దు, అందులో చాగంటి వారి ప్రవచనాలున్నాయి" అని తప్పించుకుంది. పోనీ పనులు నావా అంటే, వాటిలో నా చేతుల్లో ఉన్నది సగం కూడా లేదు. వంటింటి మీద పెంకులు సర్దించాలి అన్న పని చూడండి. సర్దవలసినవాడు మేస్త్రీ. ఆయన యాప్‌లో లేడు. ఆయన్ని నేను పిలిచాను, బయానా ఇచ్చాను, ఇంటికి వెళ్ళి కూర్చుని టీ కూడా తాగాను. "రేపు పొద్దుటికి మీ ఇంటి మీద ఉంటానండి రైటరుగారూ" అన్నాడు. ఆ రేపు మేస్త్రీ రాలేదు. ఎర్రబడింది మాత్రం నేను.

నా మొత్తం అభియోగం ఇదే. పని నలుగురిది, గడువు ఒక్కడిది. ఊళ్ళో ఏ పనైనా ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలోకి నడుస్తుంది. యాప్‌కు కనిపించేది చిట్టచివర నిలబడి ఎదురుచూస్తున్నవాడు ఒక్కడే. కనిపించినవాణ్ణే పట్టుకుంటుంది.

నాకు గడువులంటే తెలియక ఇలా అంటున్నానని అబ్బాయి అభిప్రాయం. నేను తిన్న అన్నమే గడువుల మీద. తెనాలిలో చెట్టు కింద బల్ల వేసుకుని ఎన్ని ప్రోనోట్లు, ఎన్ని క్రయ అగ్రిమెంట్లు రాశానో లెక్కలేదు. కంప్యూటరంటే పడదేమోనని కోడలి అనుమానం. అదీ కాదు. 1998లో 'కార్డ్' అని పేరు పెట్టి రిజిస్ట్రేషన్లను కంప్యూటర్ ఎక్కించినప్పుడు, ఇక మన పని అయిపోయిందని సాటి లేఖరులు గుండెలు బాదుకుంటుంటే, అక్షరదోషాలైనా తగ్గుతాయని సంతోషించినవాణ్ణి.

గడువు గురించి చట్టం ఏమంటుందో అబ్బాయికి ఒకసారి ఫోనులో వివరించాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ ఉంది. గడువు తప్పితే ఒప్పందం చెల్లదని అనాలంటే, ఆ గడువే ఒప్పందానికి ప్రాణమని ఇద్దరూ అనుకుని ఉండాలి. అందులోనూ ఇళ్ళూ పొలాల అమ్మకాల్లో మామూలుగా గడువు ప్రాణం కాదనీ, అలా అని కాగితంలో స్పష్టంగా ఉంటేనో, వ్యవహారం తీరే అలా ఉంటేనో తప్ప ప్రాణమని అనుకోకూడదనీ సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీలు కూర్చుని చాంద్ రాణి కేసులో చెప్పారు. అంటే మూడు ఎకరాల మాగాణి అమ్మేవాడికి ఉన్న వెసులుబాటు, మూడు వందల పెంకులు సర్దించేవాడికి లేదు!

ఇక 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం. తెల్లదొర చేసిన చట్టం, అప్పు వసూలు కోసం చేసిన చట్టం. దాని 22వ సెక్షన్ ప్రకారం, ఫలానా తేదీకి ఇస్తానని రాసిన ప్రోనోటు ఆ తేదీన పండదు, ఆ తర్వాత మూడో రోజున పండుతుంది. ఆ మూడు రోజులకూ దయా దినాలని పేరు. వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు చేసినవాడి మీద కూడా విక్టోరియా మహారాణి మూడు రోజుల దయ చూపింది. నా కన్నకొడుకు పెట్టిన యాప్‌కు ఒక్క నిమిషం దయ లేదు. పన్నెండు కొట్టగానే ఎరుపు.

లిమిటేషన్ చట్టం ఇంకా మంచిది. దావా వేయడానికి చివరి రోజున కోర్టు మూసి ఉంటే, తెరిచిన రోజున వేసుకోవచ్చంటుంది. మా యాప్‌లో ఇటుకల బట్టీవాడికి డబ్బు కట్టే గడువు కనుమ నాడు పడింది. కనుమ నాడు కాకి కూడా కదలదని మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రోనోటుకు మూడేళ్ళకు కాలదోషం పడుతుంది. ఎంత పెద్ద బాకీ అయినా మధ్యలో చెల్లు రాసుకోకపోతే ఆ రోజుతో కోర్టుకెక్కే హక్కు పోతుంది. ఎర్రబడ్డ పనికి కాలదోషం లేదు. గడువు దాటి ఎన్ని రోజులైందో కూడా పక్కన వేసి, రోజుకొకటి చొప్పున పెంచుకుంటూ పోతుంది, వడ్డీలా. ఇంత చెప్పాక అబ్బాయి అన్నదేమిటంటే, "తేదీ మార్చుకోవచ్చు కదా నాన్నా!" తేదీ దిద్దడం! రాసిన తేదీని కొట్టి మరో తేదీ వేస్తే దస్తావేజు పక్కన ఇద్దరూ పొడి సంతకాలు పెట్టాలి. ఒక్కణ్ణీ కూర్చుని తేదీలు దిద్దుకోవడాన్ని మా వృత్తిలో ఏమంటారో పిల్లవాడికి చెప్పలేక ఊరుకున్నాను.

మేస్త్రీ సంగతికే వద్దాం. ఆయన్ని నేను తిట్టను. ఆయనకన్నా పెద్దవాళ్ళు ఈ విషయంలో బోల్తా పడ్డారు. మనుషులు తమ పని ఎన్నాళ్ళు పడుతుందో ఎప్పుడూ తక్కువ అంచనా వేస్తారని 1979లో డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వర్‌స్కీ అనే ఇద్దరు పండితులు దానికో పేరు పెట్టారు. ఆ కానెమనే అంతకుముందు కొందరితో కలిసి ఇజ్రాయెల్ బడి పిల్లలకు ఒక పాఠ్యపుస్తకం రాయబోతూ, అటూ ఇటూగా రెండేళ్ళలో అయిపోతుందనుకున్నారు. ఎనిమిదేళ్ళు పట్టింది. తర్వాత ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. మా మేస్త్రీకి రావలసింది మిగతా కూలి మాత్రమే, అది నేను పని అయ్యాక ఇస్తాను.

ఈ తేదీల శాస్త్రం రాసినవాళ్ళకు ఇంత మూర్ఖత్వం లేదు. 1958లో అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లోంచి వదిలే పొలారిస్ క్షిపణుల కోసం పెర్ట్ అనే లెక్క తయారు చేయించింది. అందులో ఒక్కో పనికి మూడు అంచనాలు అడుగుతారు. అన్నీ కలిసొస్తే ఎన్నాళ్ళు, మామూలుగా ఎన్నాళ్ళు, అన్నీ ఎదురుతిరిగితే ఎన్నాళ్ళు. మామూలు అంచనాను నాలుగుతో హెచ్చవేసి, మిగతా రెండూ దానికి కూడి, ఆరుతో భాగిస్తారు. మా మేస్త్రీకి వేసి చూశాను. కలిసొస్తే రెండు రోజులు. మామూలుగా ఎనిమిది. బావమరిది ఇంట్లో పెళ్ళి, మధ్యలో వాన, పెంకుల ట్రాక్టరు రాకపోవడం, అన్నీ ఒక్కసారి వస్తే ఇరవై ఆరు. లెక్క కడితే పది రోజులు తేలింది. అణు క్షిపణి దగ్గర కూడా అన్నీ ఎదురుతిరగవచ్చని ఒప్పుకుని గడి వదిలారు. మా వంటింటి కప్పుకు ఆ గడి లేదు. ఒకటే తేదీ, ఆదివారం.

డాలస్ గడియారం సంగతి కూడా ఈ ఫిర్యాదులో భాగమే. అబ్బాయి అక్కడ కూర్చుని పని వేసి, సాయంత్రం ఐదింటికి గుర్తుచేయమని పెడతాడు. వాడి ఐదు వేసవిలో మనకు తెల్లవారుజాము మూడున్నర. మంచం పక్కన ఫోను మోగుతుంది, "మేస్త్రీకి ఫోన్ చెయ్యాలి." ఆ వేళ మేస్త్రీకి ఫోను చేస్తే వచ్చేది మేస్త్రీ కాదు, ఆయన బంధువులు. మా ఆవిడ లేచి, "ఎవరు పోయారండీ?" అని అడిగింది. ఎవరూ పోలేదు, పెంకులు అన్నాను.

ప్రాధాన్యాలని ఇంకో ఏర్పాటు ఉంది. ఒకటో రకం, రెండో రకం అని జెండాలు. అబ్బాయి అన్నిటికీ ఒకటో జెండానే కట్టాడు. "అన్నీ మొదటివే అయితే ఆఖరు పంక్తిలో కూర్చునేదెవరు?" అని మా ఆవిడ అడిగింది. ఆ ప్రశ్నకు సిలికాన్ వ్యాలీలో కూడా జవాబు ఉన్నట్టు లేదు.

ఇంతవరకూ ఓర్చుకున్నాను. మా నాన్నగారి తద్దినం దగ్గర ఓర్చుకోలేకపోయాను.

నాన్నగారి తిథి శ్రావణ శుద్ధ అష్టమి. 2022లో అది ఆగస్టు 5న వచ్చింది. అబ్బాయి ఆ తేదీ చూసి, ఏటా పునరావృతం అని మీట నొక్కాడు. యాప్ ఒప్పేసుకుంది. 2023 ఆగస్టు 5న ఉదయాన్నే, "తాతయ్య తద్దినం, ఈ రోజే గడువు" అని మోగింది. ఆ ఏడు అధిక శ్రావణం వచ్చిన సంగతి దానికి తెలియదు. జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా నడిచింది అధికం. మాకు తద్దినం నిజ మాసంలో. అసలు అష్టమి ఆగస్టు 24న. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే కాబట్టి మామూలు ఏడాది తిథి పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. రెండున్నరేళ్ళు దాటాక అధికమాసం పడిందంటే పంతొమ్మిది రోజులు వెనక్కు పోతుంది. పోనీ ఏ రోజో తెలిసిందనుకున్నా తీరదు. తిథి అర్ధరాత్రి మారదు. ఒక తిథి పంతొమ్మిది గంటల్లో అయిపోవచ్చు, ఇరవై ఆరు గంటలు సాగవచ్చు. పండక్కి సూర్యోదయానికి ఉన్న తిథి చూస్తే, తద్దినానికి అపరాహ్ణంలో ఉన్న తిథి చూస్తారు. ఇవన్నీ చూసి శాస్త్రిగారు మాటవరసకు "బుధవారం కాదండోయ్, గురువారం" అంటారు. ఆ ఒక్క మాట వెనక ఎంత లెక్క ఉందో యాప్ రాసినవాళ్ళు ఎరగరు.

మా ప్రాంతానికి పంచాంగాన్ని నిలదీయడం కొత్తేమీ కాదు. తెనాలిలో సూతాశ్రమం కట్టుకుని, తెలుగులోనే 'వివాహ విధి' రాసి, పురోహితుడి పెత్తనం లేకుండా పెళ్ళిళ్ళు చేయించిన త్రిపురనేని రామస్వామి చౌదరి గారు తిరిగిన నేల ఇది. ఆయన శాస్త్రాలన్నీ చదివి కాదన్నారు. చదివి కాదన్నవాడితో వాదించవచ్చు. యాప్ అసలు చదవనే లేదు. అబ్బాయిని అడిగితే, గ్రెగోరియన్ కాని క్యాలెండర్లకు కూడా పునరావృతం పెట్టుకునేందుకు ఇంటర్నెట్ ఇంజినీర్లు 2015లోనే ఆర్‌ఎఫ్‌సి 7529 అని ఒక ప్రమాణం రాశారనీ, చైనా పంచాంగం, యూదుల పంచాంగం కూడా అందులో పడతాయనీ చెప్పాడు. సంతోషం. ఆ కబురు మా యాప్ దాకా రాలేదు. మా గోడ మీది వెంకట్రామా అండ్ కో క్యాలెండర్‌కు ఏ ప్రమాణమూ రాయకుండానే తిథి తెలుసు. పైగా పాలు రాని రోజు దాని మీద సున్నా చుట్టుకోవచ్చు.

ఆగస్టు 5న చేయనందుకు తద్దినం ఎర్రబడింది. కన్నతండ్రి శ్రాద్ధం ఎగ్గొట్టినవాడిగా నా ఫోను నన్ను పంతొమ్మిది రోజులు చూసింది. "పని అయిందని టిక్కు పెట్టెయ్యి నాన్నా, ఎరుపు పోతుంది" అన్నాడు అబ్బాయి. పిండం పెట్టకుండా పెట్టానని టిక్కు పెట్టమంటాడు. దస్తావేజు భాషలో దాన్ని బూటకపు చెల్లు అంటారు. పితృదేవతల దగ్గర అది చెల్లుతుందో లేదో పరీక్షించే ధైర్యం నాకు లేదు.

పొలం సంగతి ఇంకొకటి. నాకున్న కొద్దిపాటి మాగాణి కౌలుకిచ్చాను. దాన్నీ యాప్‌లోకి ఎక్కించాడు. నాట్లు, కోత, కుప్ప, నూర్పిడి, మినుము అని వరసగా పట్టీలు గీశాడు. నూరేళ్ళ కిందట హెన్రీ గాంట్ అనే అమెరికా ఇంజినీరు పేరు మీద వచ్చిన పద్ధతట. ఒక పట్టీ అయిన చోట ఇంకో పట్టీ మొదలవుతుంది, ముందు పని అయిందంటేనే వెనక పనికి తాళం తీస్తారు. చూడటానికి ముచ్చటగా ఉంది. నాట్ల పట్టీ జూన్ 15న మొదలు.

నాట్లు జూన్ 15న పడాలంటే కాలువలో నీళ్ళుండాలి. ఆ నీళ్ళు సీతానగరం దగ్గర బ్యారేజీ తలుపుల్లోంచి పశ్చిమ డెల్టా కాలువలోకి దూకి, దుగ్గిరాల లాకులు దాటి, ఇటు రావాలి. అంతకుముందు ఎగువన వానలు పడాలి. మహాబలేశ్వరం కొండల్లో మబ్బు పట్టడాన్ని బాధ్యుడి గడిలో ఎవరి పేరున రాయాలి? అక్కడ కూడా నా పేరే ఉంది.

అసలు నవ్వొచ్చింది కోతల దగ్గర. వేసింది బీపీటీ 5204, సాంబ మసూరి. మా పక్కనున్న బాపట్లలో పుట్టి, 1986లో బయటికొచ్చిన రకం. నూట యాభై రోజుల పంట. దాని గడువు దానికి తెలుసు, ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. కౌలు రైతు కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న వరిలోనే మినుములు చల్లేశాడు. కృష్ణా డెల్టాలో ఎన్నో ఏళ్ళుగా ఉన్న అలవాటే. యాప్‌లో మాత్రం మినుము పట్టీకి ఇంకా తాళమే. కోత అయితే గాని మొదలవదంటుంది. డాలస్ నుంచి అబ్బాయి, కోత అవకుండా రెండో పంట ఎలా వేశారని అడిగాడు. ఆ మాట కౌలు రైతుకు చెప్పాను. గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటున్నవాడు అగ్గిపుల్ల ఆర్పేసి నా మొహం చూశాడు. "కోసినాక చల్లితే తేమెక్కడుంటదండీ? నల్లరేగడి రెండు ఎండలకే నెర్రెలిచ్చిద్ది గదా" అన్నాడు. తర్వాత కాస్త జాలిగా, "చిన్నబాబు గారు బాగున్నారాండీ అక్కడ?" అన్నాడు.

ఆవకాయ గురించి పొడిగించను. మే 10 అని గడువు వేశారు. ఆ తేదీకి కాయకు టెంక ముదరలేదని మా ఆవిడ బుట్టెడు కాయలూ వెనక్కు పంపించింది. అదొక్కటే యాప్‌లో ఎర్రబడినా ఇంట్లో ఎవరూ కంగారు పడని పని. ఆవిడ తేదీ కాయను చూసి నిర్ణయిస్తుంది. కాయను చూసి తేదీ వేయడం, తేదీని చూసి కాయ కోయడం అని రెండు పద్ధతులున్నాయి. రెండో పద్ధతి ఆవకాయ ఆరునెలల్లో మెత్తబడిపోతుంది.

కనుక ఈ అర్జీదారుడు కోరుకునేది పెద్దదేమీ కాదు. యాప్‌ను తీసెయ్యమని నేననను. తీసేస్తే డాలస్‌లో కూర్చున్నవాడికి ఇంటి మీద ధ్యాస ఉందని చూపించుకునే దారి పోతుంది, ఆ సంగతి నాకు తెలుసు. వారానికొకసారి ఫోను చేసి "ఏం నాన్నా, పెంకులు?" అనడానికి ఆ యాప్ వాడికి ఒక వంక. నేనడిగేది ప్రోనోటు రాసిన అప్పులవాడికి 1881 నుంచీ ఉన్నపాటి మన్నన. గడువు దాటాక మూడు రోజుల దయ. మేస్త్రీ, శాస్త్రిగారు, కాలువ, కౌలు రైతు, మామిడికాయ, వీరిలో ఎవరి వల్ల పని ఆగితే వారి పేరున ఎరుపు. కనుమ నాడు, అధికమాసంలో గడువులు చెల్లవని ఒక షరతు. మూడేళ్ళు దాటిన ఎర్ర పనులకు కాలదోషం. తెల్లవారుజామున ఫోను మోగకుండా ఒక ఉత్తర్వు.

ఇదంతా తెల్లకాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, మా ఆవిడ చేత సాక్షి సంతకం పెట్టించి, ఫొటో తీసి డాలస్‌కు పంపాను. అబ్బాయి చదివాడు. నవ్వుతున్న బొమ్మ ఒకటి పంపాడు. ఆ మర్నాడు యాప్‌లో వాడి పేరున, మొట్టమొదటిసారి వాడి పేరున, ఒక పని కనిపించింది: "నాన్న అర్జీ పరిశీలించాలి." గడువు తేదీ గడి ఖాళీగా ఉంది. "ఎప్పుడో ఒకప్పుడు" అన్న ఖాతాలో వేశాడు.

వాడికి చట్టం పూర్తిగా చెప్పలేదు. గడువు రాయని నోటు సంగతి అదే 1881 చట్టం 19వ సెక్షన్‌లో ఉంది. దాన్ని డిమాండు చేసిన క్షణాన చెల్లించి తీరాలి. అలాంటి నోటుకు మూడు రోజుల దయ కూడా వర్తించదు. డాలస్‌లో తెల్లవారుజాము మూడున్నర అంటే ఇప్పుడు మనకు సరిగ్గా మధ్యాహ్నం రెండు. మా ఆవిడ పప్పు పోపు పెడుతోంది. భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, డిమాండు చేస్తాను.